గ్యాలరీ నిండేదెట్లా?

సంచికకు ఏదైనా రాసివ్వమని మన విద్యార్థి సంఘం కార్యదర్శి అడిగినప్పుడు, "సైన్సోడివి గదా, అణుశక్తి మీదనో అంతరిక్షం మీదనో రాయరాదూ" అన్నాడు. అణువు గురించి నాకు తెలిసినదంతా పాఠ్యపుస్తకంలో వుంది. దాన్ని మళ్ళీ యిక్కడ అచ్చేయించి సంఘానికి కాగితం ఖర్చు పెంచడం దేనికి? నాకు నిద్ర పట్టకుండా చేసిన విషయం వేరే వుంది. అది ఫుట్‌బాల్. ఆడటం గురించి కాదు సుమా. మన కాలేజీ జట్టులో లెఫ్ట్ బ్యాక్‌గా నేను మైదానంలో కంటే బెంచీ మీద గడిపిన కాలమే ఎక్కువ. నా బాధ చూడటం గురించి; ఇంకా చెప్పాలంటే, చూడటానికి ఎవరొస్తారనే దాని గురించి.

2025 డిసెంబరు 13 రాత్రి హాస్టల్ టీవీ గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. హైదరాబాద్ ఉప్పల్ స్టేడియానికి మెస్సీ వచ్చిన రోజది. సువారెజ్ వచ్చాడు, డి పాల్ వచ్చాడు, మన ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు కూడా బంతి తన్నారు. ఆ రోజే పొద్దున కలకత్తాలో మెస్సీ సరిగ్గా కనబడలేదని జనం కుర్చీలు విరిచి మైదానంలోకి విసిరిన దృశ్యాలు అప్పటికే అందరి ఫోన్లలోనూ తిరుగుతున్నాయి. మన దగ్గర అట్లాంటిదేమీ జరగలేదు. అంతా సవ్యంగా సాగింది, జనం గొంతు చించుకుని అరిచారు.

జనగామ నుంచి వచ్చిన మా గది మిత్రుడొకడు మంచం మీద నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాడు. "జూసిన్రా! ఫుట్‌బాల్‌కు జనం లేరన్నోడెవడు? యాభై వేల మంది పట్టే కొత్త స్టేడియం కట్టాలె. ఉత్త ఫుట్‌బాల్ కోసమే కట్టాలె. మన క్లబ్బు దాన్ని అలకగ నింపుతది."

"ఏ క్లబ్బురా?" అన్నాను నేను.

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎందుకంటే మన క్లబ్బు అప్పటికి రెండు నెలల కిందనే ఢిల్లీకి వెళ్ళిపోయింది.

ఫుట్‌బాల్ చూడని మిత్రుల కోసం ఆ కథ కాస్త చెప్పాలి. హైదరాబాద్ ఎఫ్‌సీ అనే క్లబ్బు 2019లో పుట్టింది. ఇండియన్ సూపర్ లీగ్‌లో మూతబడిన పుణె జట్టు స్థానంలోకి వచ్చింది. మొదటి ఏడు అందరికన్నా అడుగున నిలిచింది. తర్వాత మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ దేశపు కోచ్ వచ్చాడు. నైజీరియా నుంచి వచ్చిన ఓగ్‌బెచే 2021-22లో 18 గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌తో ఆట 1-1గా ముగిసి పెనాల్టీల దాకా పోయింది. మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. కప్పు మనదయింది.

ఇక్కడే ఒక విచిత్రముంది. కరోనా మూలాన ఆ ఏడాదీ, అంతకు ముందు ఏడాదీ పోటీలన్నీ గోవాలోనే, ఖాళీ గ్యాలరీల మధ్య జరిగాయి. ఫైనల్‌కు మాత్రం జనాన్ని రానిచ్చారు. అంటే మన క్లబ్బు దేశంలో అన్నిటికన్నా గొప్ప జట్టయిన సంవత్సరంలో సొంతూరి జనం ముందు ఒక్క ఆట కూడా ఆడలేదు. పెళ్ళి వేరే ఊళ్ళో జరిగి, మనకు ఫోటోలు మాత్రం అందినట్టయింది.

ఆ మరుసటి ఏడు జట్టు గచ్చిబౌలికి తిరిగొచ్చింది. నేనప్పుడు హనుమకొండలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఊళ్ళో మా తమ్ముడు ఆరో తరగతి. వాడికి ఫుట్‌బాల్ పిచ్చి నాకన్నా ఎక్కువ. పాకాల కాలువ గట్టు మీద ఉత్త కాళ్ళతో బంతి తన్నీ తన్నీ బొటనవేలి గోరు రెండుసార్లు ఊడగొట్టుకున్నాడు. "అన్నా, ఒక్కసారి తీస్కపోవే" అని ప్రాణం తీసేవాడు. 2022 నవంబరు 19, శనివారం రాత్రి కేరళ బ్లాస్టర్స్‌తో ఆట వుందని తెలిసింది. అమ్మ పత్తి ఏరిన కూలి డబ్బుల్లోంచి చీర కొంగున ముడేసుకున్న అయిదు వందలు తీసి యిచ్చింది. బాపుకు మాత్రం ఫిజిక్స్ ప్రాక్టికల్ రికార్డు కొనడానికి పోతున్నామని చెప్పాము. రికార్డు కొనడానికి తమ్ముడెందుకని బాపు అడగలేదు. అడగకపోవడం వల్ల నమ్మాడనుకున్నాము.

కాజీపేటలో మధ్యాహ్నం బండెక్కి, సికింద్రాబాద్‌లో దిగి, సిటీ బస్సుల్లో వేలాడుతూ గచ్చిబౌలి చేరేసరికి చీకటి పడింది. స్టేడియం బయట ఫుట్‌పాత్ మీద పసుపు బనియన్లు అమ్ముతున్నారు. తమ్ముడికి ఒకటి కొన్నాను. పెరిగే పోరడు గదా అని రెండు సైజులు పెద్దది తీసుకున్నాను. మా ఇళ్ళల్లో బట్టలు కొనే లెక్క అదే. అది వాడి మోకాళ్ళ దాకా వచ్చింది. అది తొడుక్కుని వాడు గేటులోంచి నడిచిన తీరు చూడాలి, కట్టిమణి వీడికి మేనమామ అయినట్టు.

లోపలికి పోయాక మా కళ్ళు తిరిగాయి. ఎటు చూసినా పసుపే. డప్పులు, జెండాలు, ఈలలు. "అన్నా, మనోళ్ళు ఇంతమందున్నరా!" అన్నాడు తమ్ముడు. నాకూ ఒళ్ళు పులకరించింది. గచ్చిబౌలి స్టేడియంలో ముప్ఫై వేల దాకా పడతారని చదివాను. అంత మంది లేరు, ఎదుటి గ్యాలరీ పై వరసలు ఖాళీగానే వున్నాయి. కానీ వున్నవాళ్ళు ఊరుకోవడం లేదు.

ఆట మొదలైన కాసేపటికి, ఇంకా ఇరవయ్యో నిమిషం రాకముందే, కేరళ గోల్ కొట్టింది. డయమంటకోస్ అనే గ్రీకు ఆటగాడు కొట్టాడు. అప్పుడు మా చుట్టూ వున్న పసుపంతా ఒక్క పెట్టున లేచి గంతులేసింది.

కేరళ జట్టు రంగూ పసుపేనని నాకు తెలుసు. తెలిసి కూడా ఆలోచించలేదు. ఆ డప్పులు వాళ్ళవి, ఆ జెండాలు వాళ్ళవి. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకునే మలయాళీలు, ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులు, కాలేజీ పిల్లలు, వాళ్ళ ఊరి జట్టు వచ్చిందని కట్టకట్టుకుని వచ్చారు. మా తమ్ముడు సీటు మీద కూలబడి, ఆ పెద్ద బనియను మోకాళ్ళ మీదికి లాక్కుని, "అన్నా, మరి మనోళ్ళేరి?" అన్నాడు.

దానికి నేనప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఆ ఒక్క గోలుతోనే మనం ఓడిపోయాము. బస్సు దొరికి సికింద్రాబాద్ చేరేసరికి అర్ధరాత్రి దాటింది. ప్లాట్‌ఫారం మీద పేపరు పరుచుకుని పడుకుని తెల్లారి బండికి వచ్చాము. బాపు వాకిట్లో పళ్ళు తోముకుంటున్నాడు. తమ్ముడి ఒంటి మీది బనియను చూసి, వేపపుల్ల నోట్లోంచి తీసి, "గీ ప్రాక్టికల్ రికార్డు మంచిగనే కుట్టిన్రు" అన్నాడు. అంతే, తిట్టలేదు. ఆ మాట మా యింట్లో యిప్పటికీ నడుస్తూనే వుంది.

మనోళ్ళేరి అన్న ప్రశ్నకు జవాబు వెదకడం నేను చాలా ఆలస్యంగా మొదలుపెట్టాను. నాకు తెలిసిందేమంటే, ఒకప్పుడు మనోళ్ళుండేవారు. గ్యాలరీలోనే కాదు, మైదానంలో కూడా. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్ళు గెలిచింది. 1950లో డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. చాలామంది 'మైదాన్' సినిమా చూసి ఆయన పేరు తెలుసుకున్నారు, నేనూ వాళ్ళలో వొకణ్ణి. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లోనూ, 1962లోనూ ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఫైనల్లో లక్ష మంది ప్రేక్షకులు మనకు వ్యతిరేకంగా అరుస్తుంటే దక్షిణ కొరియాను 2-1తో ఓడించింది. ఆ మరుసటి ఏడాదే రహీం కాన్సర్‌తో పోయారు. హైదరాబాద్ 1956-57లోనూ, 1957-58లోనూ సంతోష్ ట్రోఫీ గెలిచింది, 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచింది. ఆ తర్వాత మళ్ళీ ఆ కప్పు యిటువైపు రాలేదు.

ఆ ఆటగాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారు? తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ పిల్లవాడు. అక్కణ్ణుంచి రెండు ఒలింపిక్స్ దాకా వెళ్ళాడు. 2023లో పోయినప్పుడు పత్రికలన్నీ రాశాయి. మిగతావాళ్ళూ అట్లాంటి బస్తీల నుంచి, పోలీసు లైన్ల నుంచి, కంటోన్మెంటు మైదానాల నుంచి వచ్చినవాళ్ళే. ఆట వాళ్ళకు కొలువు కూడా. పోలీసు జట్టులో ఆడితే నెల జీతం వచ్చేది. అందుకని ఏ తండ్రీ కొడుకును ఆపలేదు. చూసేవాళ్ళు కూడా ఆ బస్తీలవాళ్ళే. బంతి తన్నేవాడు పక్కింటి పిల్లవాడయితే గ్యాలరీకి పిలవాల్సిన పనేముంది? అయితే మంచి ఆటగాడు తయారైన కొద్దీ కలకత్తా క్లబ్బులు పట్టుకుపోయేవి, బలరాం కూడా ఈస్ట్ బెంగాల్‌కు పోయాడు. మనవాళ్ళు పోయి కలకత్తా గ్యాలరీలు నింపారు. ఆ కలకత్తా సాల్ట్‌లేక్ స్టేడియంలోనే 1997 జూలై 13న ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ ఆటకు 1,31,781 మంది వచ్చారు. ఆ అంకె మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పనుకున్నాను.

మరి ఇప్పుడు యాభై వేల స్టేడియం కడితే? లెక్క చేయడం మా సైన్సు వాళ్ళకు పట్టుకున్న జబ్బు కాబట్టి చేసి చూశాను. హైదరాబాద్ ఎఫ్‌సీ సొంత మైదానంలో లీగ్ ఆటలు ఏడాదికి పదో పన్నెండో ఆడేది. పది అనుకున్నా యాభై వేల చొప్పున అయిదు లక్షల సీట్లు. మెస్సీ వచ్చినట్టు ఒక్కరోజు కాదు, అయిదారు నెలల పాటు, వానలోనో చలిలోనో, జట్టు గెలిచినా ఓడినా, పని దినం రాత్రి ఏడున్నరకు అంతమంది రావాలి. మెస్సీని చూడటానికి వచ్చినవాడు మెస్సీ కోసం వచ్చాడు, ఆట కోసం కాదు. మేడారం జాతరకు లక్షలకు లక్షల జనం వస్తారు, మొన్న జనవరిలోనూ వచ్చారు. అక్కడ సీట్లూ లేవు, టిక్కెట్లూ లేవు. అయితే అది రెండేళ్ళకోసారి, అమ్మవార్ల పిలుపు. ఆ జనాన్ని చూసి మేడారంలో ప్రతి శనివారం జాతర పెడదామని ఎవడైనా అంటాడా?

ఫస్టియర్‌లో వాయువుల పాఠం చెబుతూ మా లెక్చరర్ గారు ఒక మాట అన్నారు. వాయువును ఎంత పాత్రలో పోస్తే అంతా నిండుతుంది, ద్రవం మాత్రం తన ఘనపరిమాణాన్ని తాను వదులుకోదు అని. స్టేడియాలు కట్టేవాళ్ళు జనాన్ని వాయువనుకుంటారు. పాత్ర పెంచితే జనం కూడా వ్యాపిస్తారని వాళ్ళ నమ్మకం. జనం ద్రవం. చెంబెడు నీళ్ళు గంగాళంలో పోస్తే అడుగు తడుస్తుంది, అంతే. పోనీ వాయువే అనుకున్నా బాయిల్ గారి సూత్రం వుండనే వుంది గదా, ఘనపరిమాణం రెట్టింపయితే పీడనం సగమవుతుంది. అయిదు వేల మంది అయిదు వేలు పట్టే చోట అరిస్తే గోల్‌కీపర్ కాళ్ళు వణుకుతాయి. అదే అయిదు వేల మంది ముప్ఫై వేల గ్యాలరీలో అరిస్తే పావురాలు కూడా లేవవు. గచ్చిబౌలిలో గ్యాలరీకీ మైదానానికీ నడుమ పరుగు పందేల ట్రాకు వుంది. కార్నర్ కొట్టేవాడి ముఖం మాకు కనబడలేదు.

ఇదే తంటా ఇటలీలో జువెంటస్ పడింది. 1990 ప్రపంచ కప్పు కోసం టురిన్‌లో కట్టిన డెల్లే ఆల్పి స్టేడియంలో దాదాపు 69,000 మంది పడతారు. అక్కడా నడుమ ట్రాకే. అంత పేరున్న క్లబ్బు కూడా దాన్ని నింపలేక తంటాలు పడింది. చివరికి దాన్ని కూలగొట్టి అదే చోట 41,000 మందికి కట్టుకున్నారు. 2011 నుంచి అక్కడ ఆడుతున్నారు. చిన్నదయ్యాక నిండింది. అటు చూస్తే ఇంగ్లండులో ఎవర్టన్ క్లబ్బు 1892 నుంచి ఆడుతున్న గుడిసన్ పార్కును 2025లో వదిలి, నది ఒడ్డున యాభై వేలు దాటిన కొత్త స్టేడియానికి మారింది. పాతదానికన్నా పన్నెండు పదమూడు వేల సీట్లు ఎక్కువ. వాళ్ళకా ధైర్యం ఎక్కడిదంటే, సీజన్ టిక్కెట్ దొరక్క వరుసలో ఆగినవాళ్ళు అప్పటికే వేలల్లో వున్నారు. పాత చెరువు మత్తడి దుంకుతుంటే కొత్త చెరువు తవ్వారు వాళ్ళు.

మన హైదరాబాద్‌లో ఇంకో క్లబ్బు వుంది, శ్రీనిధి డెక్కన్. అది ఐ-లీగ్‌లో 2022-23లోనూ, 2023-24లోనూ రెండో స్థానంలో నిలిచింది. దాని మైదానం ఎంత చిన్నదంటే మన కాలేజీ పిల్లలంతా వెళితే కొందరు నిలబడాలి. మా జనగామ మిత్రుడు దాన్ని వెక్కిరించాడు. నాకైతే అదే తెలివైన పద్ధతనిపిస్తుంది. 2024 డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ గచ్చిబౌలిలోనే జరిగింది. బెంగాల్ కేరళను 1-0తో ఓడించింది. ఆ రాత్రి మైదానంలో ఆడినవాళ్ళు బెంగాలీలు, మలయాళీలు. మళ్ళీ అదే ప్రశ్న: మనోళ్ళేరి?

ఇక మన యింటి సంగతికి వస్తాను. ఇది రాస్తే కొందరు మిత్రులకు కోపం వస్తుందని తెలుసు. నిరుడు మన సంఘం సమావేశంలో మైదానానికి సిమెంటు గ్యాలరీ కట్టించమని విజ్ఞప్తి చేయాలనే తీర్మానం వచ్చింది. క్రీడా కమిటీలో వున్న ఫుట్‌బాల్ ఆటగాణ్ణి నేనొక్కణ్ణే గనుక చెయ్యెత్తుతానని అందరూ నావైపు చూశారు. నేను ఎత్తలేదు. వద్దన్నాను. "నువ్వు ఆటగాడివా, ఆటకు శత్రువ్వా?" అని ఒకరన్నారు. ఆ వారమంతా మెస్‌లో నా పక్కన కూర్చుని ఎవరూ అన్నం తినలేదు, జనగామవాడు తప్ప. వాడు తిడుతూ తిన్నాడు.

నా కారణం చిన్నది. అంతకు పదిహేను రోజుల ముందు మన మైదానంలో అంతర్ కళాశాలల ఫైనల్ జరిగింది. ఎప్పటిలాగే నేను బెంచీ మీద వున్నాను, చేయడానికి పనేమీ లేక ప్రేక్షకులను లెక్కబెట్టాను. నలభై మూడు మంది. అందులో తొమ్మిది మంది ఎదుటి జట్టుతో వచ్చినవాళ్ళు, ఒకరు చాయ్ అమ్మే ఆయన. ముగ్గురు మన లెక్చరర్లు, వారికి నమస్కారం. గోల్ పోస్టుకు వల లేదు. ఒక గోల్ లోపలి నుంచి పోయిందా పక్క నుంచి పోయిందా అని ఇరవై నిమిషాలు తగువయింది. నలభై మూడు మందికి సిమెంటు మెట్లెందుకు? ఆ డబ్బులో పదో వంతుతో వలలు వస్తాయి, ఇరవై బంతులొస్తాయి, డిపార్టుమెంట్ల మధ్య లీగు పెట్టొచ్చు. బోటనీ వాళ్ళు, కెమిస్ట్రీ వాళ్ళు, తెలుగు ఎమ్మేవాళ్ళు తలపడితే ఒక్కో జట్టు వెనక యాభై మంది రారా? ఆడపిల్లల జట్టు పెడదామని కూడా అన్నాను. నవ్వినవాళ్ళున్నారు. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోతు సౌమ్య భారత జట్టుకు ఆడుతున్నదనీ, 2022లో క్రొయేషియా క్లబ్బు డైనమో జాగ్రెబ్ దాకా పోయిందనీ చెప్పాను. నవ్వు తగ్గింది. తీర్మానం మాత్రం నెగ్గింది. గ్యాలరీ ఇంకా రాలేదు, వలలూ రాలేదు.

నేను చెప్పింది తప్పని వాదించేవాళ్ళ దగ్గరా బలమైన మాట వుంది, దాచను. హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో సింథటిక్ ట్రాక్ వేశాకే 2021 సెప్టెంబరులో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు యిక్కడికి వచ్చాయి. ముందు వసతి, తర్వాత ఆట. కట్టకపోతే వచ్చేవాళ్ళు కూడా రారు అంటారు వాళ్ళు. ఆ పోటీలు అయ్యాక ఆ ట్రాకు మీద పొద్దున్నే పరిగెత్తే పిల్లలు ఎక్కువయ్యారన్నది నా కళ్ళతో చూసిందే. కాబట్టి కట్టొద్దని నేననను. పరిగెత్తడానికి ట్రాకు కావాలి, ఆడటానికి మైదానం కావాలి. కూర్చోవడానికి మెట్లు ఆఖర్న.

ఈ గొడవంతా సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు బాపుకు చెప్పాను. మా భూమి పాకాల ఆయకట్టు కింద వుంది. గణపతిదేవుని కాలంలో, పదమూడో శతాబ్దిలో కట్టిన చెరువు అది. ఎనిమిది వందల ఏళ్ళ నుంచి నిండుతూనే వుంది. బాపు ఫుట్‌బాల్ ఎప్పుడూ చూడలేదు. ఎంతమంది ఆడతారో కూడా తెలియదు. మొత్తం విని, బీడీ ఆర్పి, "స్టేడియం సంగతి నాకెర్క లేదు బిడ్డా. చెరువు సంగతి జెప్త. కట్ట పోసేటోడు ముందుగాల కట్ట దిక్కు చూడడు. అడివి దిక్కు చూస్తడు. వరద ఏడికెళ్ళి వస్తది, ఎన్ని వాగులు కలుస్తయి, పైన ఎన్ని కుంటలున్నయి. గవి చూసినంకనే కట్ట ఎంత ఎత్తు పొయ్యాల్నో లెక్క గడ్తరు" అన్నాడు. కాసేపాగి, "మన పక్కూర్లె ఒక కుంట తవ్విన్రు, యాదికున్నదా? జేసీబీలు పెట్టి మస్తు లోతు తీసిన్రు. ఎగువ కాల్వ మరిచిపోయిన్రు. గిప్పుడండ్ల పోరగాండ్లు క్రికెట్టాడుతున్నరు" అన్నాడు.

కుంటలో క్రికెట్ అన్నమాటకు తమ్ముడు పడీ పడీ నవ్వాడు. వాడిప్పుడు పదో తరగతి. పోయిన అక్టోబరులో క్లబ్బు ఢిల్లీకి పోయిందని నేనే ఫోన్లో చెప్పాను. దానికి కొన్నేళ్ళ ముందు నుంచే ఆ క్లబ్బు డబ్బు ఇబ్బందుల్లో వుంది, 2023-24లో మళ్ళీ అందరికన్నా అడుగుకు పోయింది, యజమానులు మారారు, లీగే కొన్ని నెలలు ఆగిపోయింది. ఇవన్నీ వాడికి తెలుసు. అయినా పదో తరగతి అయ్యాక క్లబ్బు పిల్లల జట్టు సెలక్షన్లకు పోవాలని మేకపిల్లను అమ్మిన డబ్బు అమ్మ దగ్గర దాచిపెట్టుకున్నాడు. ఫోన్లో చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఢిల్లీకి రైలు టిక్కెట్టెంతనే?" అన్నాడు. చెప్పాను. "సరే తీ" అన్నాడు. ఆ డబ్బుతో అమ్మ మిరపతోటకు మందు కొన్నది. అప్పు కిందనే తీసుకుంది, తిరిగిస్తానన్నది.

మొన్న సంక్రాంతికి ఊరికి పోయాను. యాసంగి నాట్లకు నీళ్ళు పారని చెలక ఒకటి మా పొలం పక్కన బీడుగా వుంది. తమ్ముడూ వాడి జట్టూ ఆ చెలకలో మొక్కజొన్న కొయ్యకాళ్ళు పీకి, వెదురుబొంగులు పాతి గోల్ పోస్టులు పెట్టారు. వల కోసం అరిగిపోయిన చేపల వల తెచ్చి కట్టారు. మన కాలేజీకి లేని వల అది. పక్కూరి పిల్లలు ట్రాక్టర్ ట్రాలీలో దిగారు. మా తమ్ముడి ఒంటి మీద ఆ పసుపు బనియనే వుంది. ఇప్పుడది వాడికి సరిగ్గా సరిపోయింది, భుజాల దగ్గర కాస్త బిగుతు కూడా.

పొద్దు వాలుతుంటే మిరప ఏరే ఆడవాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని అటుగా వస్తూ ఒడ్డు మీద ఆగారు. ఒకరిద్దరు గంపలు దించి కూర్చున్నారు. వాళ్ళ వెనక అమ్మ కూడా వుంది. ట్రాలీ మీద వచ్చినవాళ్ళు అక్కణ్ణుంచే ఈలలు వేస్తున్నారు. గొర్లకాపరి ఒకతను మందను వదిలేసి నిలబడ్డాడు. బాపు నీళ్ళు మళ్ళించడానికి పార భుజాన వేసుకుని వచ్చినవాడు పార గట్టు మీద గుచ్చి, దాని మీద గడ్డం ఆనించుకుని చూస్తున్నాడు. అలవాటు కొద్దీ లెక్కబెట్టాను. అరవై ఎనిమిది.

"బాపూ, మన కాలేజీ ఫైనల్‌కంటె ఎక్కువున్నరు" అన్నాను.

"ఓరి, ఆగు! మనోని తాన్నే ఉన్నది బంతి" అన్నాడు బాపు, నావైపు చూడకుండానే.